రోహిణి కార్తెలో మారథాన్ ప్రాక్టీసు: అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల కాలువ గట్ల మీద మారథాన్‌కి తయారయ్యేవాళ్లకి ట్రైనింగ్ ఇస్తుంటాను. ఏటా ఏప్రిల్ దాటేసరికి మా బ్యాచ్ పలచబడిపోతుంది. కాలువలు కట్టేస్తారు, పెళ్లిళ్ల సీజన్ ఊపందుకుంటుంది, గ్రూపులో "రేపు రాలేనండి మాస్టారూ" అనే మెసేజ్‌లు పెరుగుతాయి. ఎవర్ని కదిపినా ఇంట్రెస్ట్ పోయిందండీ అంటారు. నిజంగా బద్ధకం వచ్చి మానేసేవాళ్లు తక్కువే. చలికాలం లెక్కతో వేసవి పరుగుని కొలుచుకుని, తాము పనికిరామని తేల్చేసుకునేవాళ్లే ఎక్కువ. ఆ లెక్క సరిచేస్తే చాలామంది మళ్లీ వస్తారు.

అపోహ: జనవరిలో వచ్చిన పేస్ (కిలోమీటరుకి పట్టే టైమ్) ఇప్పుడు రావట్లేదంటే ఫిట్‌నెస్ పోయినట్టే.

మా బ్యాచ్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. సంక్రాంతికి కిలోమీటరు ఆరు నిమిషాల్లో హాయిగా వెళ్లేవారు. మే నెలలో అదే గట్టు మీద ఏడు దాటింది. ప్రతి కిలోమీటరుకీ వాచీ చూసుకోవడం, మొహం మాడ్చుకోవడం. "ఇంకెందుకండీ మాస్టారూ, నా పని అయిపోయింది" అన్నారు ఒకరోజు.

ఒంట్లో జరిగేది ఇదీ. పరిగెత్తేటప్పుడు కండరాలకి రక్తం కావాలి. వేడిని బయటికి పంపాలంటే చర్మానికీ రక్తం కావాలి. రెండు చోట్లా సర్దాలంటే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. చెమట పోయేకొద్దీ రక్తంలో ద్రవం తగ్గుతుంది, గుండె ఇంకా వేగం పెంచుతుంది. చలికాలం పేస్‌లోనే పరిగెత్తినా నిమిషానికి పది ఇరవైసార్లు ఎక్కువ కొట్టుకోవడం మామూలే. అంటే ఆయన చేస్తున్న కష్టం తగ్గలేదు, పెరిగింది.

ప్రపంచ స్థాయి రన్నర్లకీ ఇదే గతి. 2019లో దోహాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో ఎండకి భయపడి మహిళల మారథాన్‌ని అర్ధరాత్రి మొదలుపెట్టారు. ఎండ లేదు గానీ ఉక్క ఉంది. బయల్దేరిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. గెలిచిన కెన్యా అమ్మాయికి 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు పట్టింది. అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో ఆవిడ టైమ్ 2:17:08. పదిహేను నిమిషాల తేడా! ఆవిడకి లేని సిగ్గు మనకెందుకు?

ఆ బ్యాంకు ఆయన వాచీలో పేస్ కనబడే స్క్రీన్ తీయించేశాను. టైమ్ ఒక్కటే ఉంచాం. దూరం లెక్క లేదు, నలభై నిమిషాల పరుగు అంతే. పక్కవాడితో రొయ్యల కౌంటు రేటు గురించి ఆగకుండా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట ముక్కలవుతుంటే తగ్గించాలి, అవసరమైతే నడవాలి. రెండు వారాలయ్యాక ఆయన మెసేజ్ పెట్టడం మానేశారు, నేరుగా వచ్చేయడం మొదలెట్టారు.

అపోహ: తెల్లారగట్ల నాలుగింటికి లేస్తే ఇంక ఇబ్బందే ఉండదు.

రోజు మొత్తంలో ఉష్ణోగ్రత తక్కువుండేది అప్పుడే, నిజమే. కానీ గాల్లో తేమ శాతం ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితే చల్లబడుతుంది. గాలి ఆడని ఉక్కలో చెమట ధారలు కట్టి బూట్లలోకి దిగుతుంది, లోపలి వేడి లోపలే ఉంటుంది. వడగాలులకి వాతావరణ శాఖ చూసే హద్దు మైదానాల్లో 40 డిగ్రీలైతే తీరంలో 37కే పెట్టడంలోనే మన పరిస్థితి తెలుస్తుంది.

కాబట్టి టైమ్‌తో పాటు దారి కూడా చూసుకోవాలి. ఇళ్ల మధ్య సిమెంటు రోడ్డు కంటే గాలి తగిలే కాలువ గట్టు, చెరువుల మధ్య దారి మేలు. కోనసీమ వాళ్లకి కొబ్బరితోటల నీడ ఉంది, తెల్లారాక అది మంచిదే, కానీ తోట లోపల గాలి స్తంభిస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరుగుతుంది గానీ తారురోడ్డు చీకటి పడ్డాక కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. అన్నట్టు, మా బ్యాచ్‌లో నాలుగింటికి లేవడానికి అస్సలు బాధపడనివాళ్లు రొయ్యల రైతులే. ఆ వేళకి ఎలాగూ చెరువు గట్టు మీద, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు చూసుకుంటూనే ఉంటారు.

అపోహ: ఇక్కడే పుట్టి పెరిగాం, ఈ ఎండ మనల్నేం చేస్తుంది?

పుట్టిన ఊరితో పెద్దగా పనిలేదు, ఈ మధ్య ఎలా బతుకుతున్నామన్నదే లెక్క. రాత్రంతా ఏసీ, పగలంతా ఆఫీసు ఏసీ, మధ్యలో కారు ఏసీ అయితే మీకు అలవాటైంది కాశ్మీరు వాతావరణం. వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజూ కొంచెం కొంచెంగా, నిదానంగా పది నుంచి పద్నాలుగు రోజులు పరిగెత్తాలి. అప్పుడు రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, అందులో ఉప్పు పోవడం తగ్గుతుంది. వదిలేస్తే రెండు మూడు వారాల్లో ఆ లాభం చాలావరకు పోతుంది. మొదటివారం చిరాగ్గా ఉండి మానేసేవాళ్లు సరిగ్గా ఒళ్లు దారికొచ్చే ముందు మానేస్తున్నారన్నమాట.

అపోహ: ఎంత చెమట పడితే అంత కొవ్వు కరుగుతుంది.

ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరిగెత్తేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను. దిగిన బరువు నీళ్లది, మజ్జిగ తాగితే తిరిగొస్తుంది. ఆ జాకెట్ చేసేదల్లా వడదెబ్బని దగ్గరకు తేవడమే.

అపోహ: కొబ్బరినీళ్లున్నాయిగా, ఇంకేం కావాలి?

కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. గంట దాటిన పరుగైతే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గానీ, మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్‌ని దాని మీద రాసినన్ని నీళ్లలో కలిపింది గానీ పెట్టుకోండి. తరవాణి (అన్నం పులియబెట్టిన నీళ్లు) అలవాటున్న ఇళ్లలో అదీ బాగానే పనిచేస్తుంది. కొబ్బరిబొండం ఇంటికొచ్చాక హాయిగా తాగండి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఎవరో చెప్పారని దాహం లేకపోయినా లీటర్లు లీటర్లు ఉత్త నీళ్లు పట్టించేస్తారు. రక్తంలో సోడియం పల్చబడి వికారం, తలనొప్పి, మరీ ముదిరితే ఫిట్స్ దాకా వెళ్తుంది. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. పెరిగితే మాత్రం మీరు అవసరానికి మించి తాగారు.

మామిడిపండు వేడి చేస్తుందని మానేయక్కర్లేదు. షుగరు లేనివాళ్లకి లాంగ్ రన్ తర్వాత అంతకంటే రుచైన పిండిపదార్థం ఏముంటుంది?

అపోహ: మనసు పుడితే అప్పుడు మొదలెడదాం.

మనసు ఇంట్లో కూర్చుంటే పుట్టదండీ, ఒళ్లు కదిలాక పుడుతుంది. నేను పెట్టే నియమం చిన్నది: బూట్లు కట్టుకుని పది నిమిషాలు వెళ్లండి, అప్పటికీ వద్దనిపిస్తే వెనక్కి వచ్చేయండి, ఎవరూ ఏమీ అనరు. వెనక్కి వచ్చేవాళ్లు తక్కువ. కూడలిలో ఇంకొకరు మీకోసం నిలబడి ఉంటే ఇంకా తక్కువ.

రేసు ఎంపిక కూడా ఇక్కడే తేడా చేస్తుంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో. ట్రైనింగ్‌కి పట్టే పదహారు వారాలు వెనక్కి లెక్కిస్తే మొదటి అడుగు మే మొదట్లోనే పడాలి, అంటే కష్టమంతా మండుటెండలోనే. మొదటిసారి 42.195 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లని నేను జనవరిలో ముంబై మారథాన్ పెట్టుకోమంటాను. అప్పుడు వేసవిలో పని అలవాటు తప్పకుండా చూసుకోవడం ఒక్కటే. పెళ్లిళ్ల వల్ల వారం పది రోజులు పోయినా ఫిట్‌నెస్ పెద్దగా తగ్గదు, కంగారుపడి డబుల్ చేసి పూడ్చకండి.

అపోహ: వడదెబ్బ మిట్టమధ్యాహ్నం ఎండలోనే కొడుతుంది, చెమట పడుతుంటే భయం లేదు.

ఇది ప్రాణాల మీదకి తెచ్చే అపోహ. పరుగు వల్ల వచ్చే వడదెబ్బ సూర్యుడు రాకముందూ రావచ్చు, చెమట కారుతుండగానూ రావచ్చు. తూలడం, పొంతన లేని మాటలు, కారణం లేకుండా కోపం కనబడితే అనుమానించాలి. వెంటనే 108కి ఫోన్ చేయించి, అంబులెన్స్ వచ్చేలోపు చల్లబరచడం మొదలెట్టాలి. తొట్టె ఉంటే మెడ వరకు చల్లటి నీళ్లలో ముంచి, తల పట్టుకుని ఉండాలి. లేకపోతే బోరు దగ్గర ఒళ్లంతా నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా విసరాలి. మాట తేడాగా ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

జ్వరం, విరేచనాలు తగ్గి వారం కాకపోయినా, ముందురోజు రాత్రి మందు తాగినా, సరిగా నిద్ర లేకపోయినా ఆ పొద్దున రావద్దని ముందే చెప్పేస్తాను. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవాళ్లు వేసవి పరుగు గురించీ, ఈ ఉప్పు మజ్జిగ గురించీ డాక్టర్‌ని అడిగాకే మా బ్యాచ్‌లోకి రావాలి.