ఆల్చిప్ప బతికుందంటే నీళ్లు బాగున్నట్టేనా?

సముద్రం ఎంత పాడయిందో తెలియాలంటే నీళ్లు పట్టి పరీక్ష చేస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. పొద్దున సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెప్తాయి, రాత్రి ఎవరో కాలవలోకి వదిలిన విషం అప్పటికే ఆటుపోటుకి కొట్టుకుపోయి ఉంటుంది. రాయికి అతుక్కున్న ఆల్చిప్ప మాత్రం ఎక్కడికీ పోలేదు. రోజూ లీటర్ల కొద్దీ నీళ్లు వడగట్టుకుంటూ రాగి, కాడ్మియం, చమురులోని రసాయనాలు అన్నీ ఒంట్లో పోగేసుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1975లో తీరాలకి వీటినే కాపలా పెడదామన్నారు. 'మస్సెల్ వాచ్' (అంటే ఆల్చిప్పల కాపలా) అలా పుట్టింది, 1986లో అక్కడి ప్రభుత్వ సంస్థ నోవా తమ తీరమంతా మొదలుపెట్టింది.

అప్పుడు ప్రధానంగా కొలిచింది మాంసంలో ఎంత విషం చేరిందనే. అది ప్రాణిని ఏం చేస్తోందన్న ప్రశ్నకి దారి వైద్యం వైపు నుంచి వచ్చింది. 1969లో డ్యూక్ యూనివర్సిటీలో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ ఇద్దరూ కణాల్లో పుట్టి వాటినే దెబ్బతీసే చురుకైన అణువుల్ని, అంటే ఫ్రీ రాడికల్స్‌ని అణిచే ఒక ఎంజైమ్ పని బయటపెట్టారు, 1985లో జర్మనీకి చెందిన హెల్ముట్ సీస్ ఈ రాడికల్స్ ఒంటి అదుపు దాటిపోవడానికి 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అనే మాటని స్థిరపరిచారు. రాగి, ఇనుము లాంటివి పోగైతే ఈ రాడికల్స్ ఎక్కువైపోతాయి, కణాల పొరల్లోని కొవ్వు పాత నూనెలా ముక్కిపోతుంది. ఊరికే పోలిక కాదండోయ్, రసాయనం కూడా అదే! ఆల్చిప్ప జీర్ణగ్రంథిని నూరి, రసాయనం కలిపి వేడి చేస్తే గులాబీ రంగు వస్తుంది, రంగు ముదిరే కొద్దీ దెబ్బ ఎక్కువన్నమాట. తిండి పదార్థాలు ముక్కిపోయాయో లేదో చూడ్డానికీ ఈ పరీక్షే వాడారు.

చిక్కేంటంటే, ఆల్చిప్పకి ఇది మామూలుగానే ఉండే బాధ. పాటుకి నీళ్లు దిగిపోతే మూత బిగించుకుని గంటల తరబడి గాలి లేకుండా గడుపుతుంది, పోటు రాగానే ఆక్సిజన్ ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చి రాడికల్స్ పెరుగుతాయి. దానికి తగ్గ ఎంజైములు దాని దగ్గరున్నాయి, కానీ వాటిలో సగం కాలుష్యానికే ఖర్చయిపోతే? దాని మీద ఎండ కూడా తోడైతే? 2021 జూన్‌లో పశ్చిమ కెనడా వడగాడ్పుకి తీరంలో రాళ్ల వేడి 50 డిగ్రీలు దాటింది, వంద కోట్లకు పైగా తీర జీవులు చచ్చిపోయి ఉంటాయని అక్కడి శాస్త్రవేత్త క్రిస్ హార్లీ అంచనా.

మన పక్కనే చెన్నై దగ్గర ఎన్నూరు ఉంది. 2017 జనవరిలో ఓడలు ఢీకొని చమురు ఒలికింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో మళ్లీ చమురు వచ్చి కడలి పాయలో చేరింది. అంతకు ముందే అక్కడి పచ్చ ఆల్చిప్పల మీద ఈ తరహా పరిశోధనలు జరిగాయి. అయితే ఒక్కసారి శాంపిల్ తీసి ఇచ్చే రిపోర్టుని నేనైతే నమ్మను. కాలుష్యం మొదట్లో ఎంజైములు పెరుగుతాయి, మరీ ముదిరితే పడిపోతాయి, అంటే తక్కువ రీడింగ్ వచ్చిందంటే నీళ్లు శుభ్రంగానైనా ఉండాలి, ఆల్చిప్ప చేతులెత్తేసైనా ఉండాలి. గుడ్లు పెట్టే కాలంలో లెక్కలు ఇంకోలా మారతాయి. అదే సైజువి, అదే సీజన్‌లో, శుభ్రమైన చోటి నుంచి కూడా తెచ్చి పోల్చకపోతే ఆ అంకెలకి అర్థం లేదు.

తినేవాళ్ల సంగతంటారా, దాని స్ట్రెస్ మనకేం అంటుకోదు, భయం అందులో మిగిలిన లోహాలు, చమురు రసాయనాలు, బ్యాక్టీరియా లాంటి వాటి గురించి. శుభ్రమైన సముద్రపు నీళ్లలో ఒకట్రెండు రోజులు ఉంచితే బ్యాక్టీరియా చాలావరకు పోతుంది గానీ కాడ్మియం అంత త్వరగా పోదు, ఉడికించినా పోదు.