విజిల్స్ కాదు, నిమిషాలు లెక్కపెట్టండి

అద్దె క్యాంపర్ వ్యాన్‌లో కుటుంబంతో మనాలి నుంచి లేహ్ దాకా వెళ్లొచ్చిన ఒక పాఠకురాలు ఈ ప్రశ్న పంపారు. వ్యాన్‌లో ఉన్నవి ఒకే బర్నర్ స్టవ్, 5 కిలోల సిలిండర్, మూడు లీటర్ల కుక్కర్, రెండు గిన్నెలు పక్కపక్కన పట్టని గట్టు. సర్చూలో ఆగిన రాత్రి ఇంట్లోలాగే మూడు విజిల్స్ రానిస్తే కందిపప్పు పలుకు పలుకుగా మిగిలిపోయిందట. మర్నాడు ఆరు రానిచ్చారు, అప్పుడు గ్యాస్ అయిపోతుందేమోనని టెన్షన్, పైగా వ్యాన్ అద్దాల నిండా నీళ్లు కారడం. "అక్కడి నీళ్లు పప్పుకి పడవని దారిలో ఎవరో చెప్పారు, నిజమేనా?" అని అడిగారు.

నీళ్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు గాలి గురించి చెప్పుకోవాలి. బళ్లో మనందరి చేతా "నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది" అని బట్టీ పట్టించారు, ఒక మార్కు ప్రశ్నకి అది చాలు. "సముద్ర మట్టం దగ్గర" అనే ముక్క చాలా క్లాసుల్లో జారిపోతుంది, అసలు సైన్స్ అంతా ఆ ముక్కలోనే ఉంది కాబట్టి ఈ విషయం నన్ను నిజంగా బాధపెడుతుంది. నీటి నుంచి పుట్టే ఆవిరి పీడనం పైనున్న గాలి పీడనంతో సమానమైనప్పుడు నీరు మరుగుతుంది. గాలి అంటే గిన్నె మీద పెట్టిన కనిపించని మూత అనుకోండి, కొండ ఎక్కేకొద్దీ ఆ మూత బరువు తగ్గుతుంది. విశాఖ ఒడ్డున 100 డిగ్రీలు, హైదరాబాద్‌లో 98 పైచిలుకు, 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 88, దాదాపు 4,300 మీటర్ల సర్చూలో 86, ఆ దారిలోనే 5,300 మీటర్లు దాటే తంగ్‌లాంగ్ లా కనుమ దగ్గర 82. మంట ఎంత పెంచినా మూత లేని గిన్నెలో నీళ్లు ఈ అంకె దాటవు. అదనంగా ఇచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది.

1835లో చార్లెస్ డార్విన్ ఆండీస్ పర్వతాలు దాటుతూ ఇదే చూశాడు. బంగాళదుంపలు రాత్రంతా పొయ్యి మీదే ఉన్నా ఉడకలేదు. ఆయన వెంట ఉన్నవాళ్లు కుండ కొత్తది, దానికి దుంపలు ఉడికించడం ఇష్టం లేదని తేల్చేశారు. కుండని తిట్టినా, నీటిని తిట్టినా, ఎవరి దిష్టో తగిలిందన్నా జరిగేది ఒకటే, కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు కుక్కర్. దాని మీద పెట్టే వెయిట్, బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో పీడనం ఎక్కువయ్యేదాకా ఆవిరిని ఆపుతుంది. సముద్ర మట్టం దగ్గరి గాలి పీడనాన్ని ఒక వాతావరణం అంటారు. విశాఖలో అయితే లోపల దాదాపు రెండు వాతావరణాల పీడనం, 120 డిగ్రీల వేడి. సర్చూలో బయటి గాలి 0.6 వాతావరణమే కాబట్టి లోపల 1.6 దాకా, అంటే సుమారు 113 డిగ్రీలు. నాకు ఎంతో అందంగా కనిపించే సంగతి ఇదే: మూత లేని గిన్నె 14 డిగ్రీలు పోగొట్టుకుంటే కుక్కర్ పోగొట్టుకున్నది 7 మాత్రమే. పోయిన పీడనం రెండింటికీ ఒకటే, 0.4 వాతావరణం, అంటే దాదాపు 40 కిలోపాస్కల్స్. కానీ వేడి పెరిగేకొద్దీ ఆవిరి పీడనం నిటారుగా పెరుగుతుంది, 86 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ పెరిగితే 2.3 కిలోపాస్కల్స్ చేరితే, 113 దగ్గర ఒక్క డిగ్రీకి 5 చేరతాయి. అందుకని పైమెట్టులో ఉన్న కుక్కర్‌కి 40 పోయినా దిగాల్సిన డిగ్రీలు తక్కువ.

వేడి 10 డిగ్రీలు తగ్గితే ఉడికే వేగం సుమారుగా సగమవుతుందనుకుంటే, ఇంటి దగ్గర 7 నిమిషాలు పట్టే పప్పుకి సర్చూ కుక్కర్‌లో 11 నిమిషాలు పడుతుంది. మూత లేకుండా వండితే పది రెట్లు, అంటే గంట దాటుతుంది.

మరి విజిల్? లోపలి పీడనం వెయిట్‌ని లేపగలిగినప్పుడు ఆవిరి బయటికి పోయే చప్పుడు అది, అంతే. మొదటి విజిల్ దగ్గర లోపల ఎంత వేడి ఉందో ఆరో విజిల్ దగ్గరా అంతే. ఇంట్లో అదే కుక్కర్, అదే పొయ్యి, అదే కొలత కాబట్టి మన అమ్మలకి విజిల్స్ గడియారంలా పనికొచ్చాయి. వ్యాన్‌లో తలుపు సందులోంచి గాలి కొట్టి మంట ఊగుతుంటే, నీళ్లు ఒక గ్లాసు ఎక్కువో తక్కువో పడితే ఆ గడియారం చెడిపోతుంది. పెద్ద మంట మీద ఆరు విజిల్స్ ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి, పప్పుకి దక్కింది మాత్రం ఐదు నిమిషాలే.

పైగా విజిల్ ఖరీదైనది. 10 డిగ్రీల చల్లటి నీళ్లు ఒక లీటరుని 113 దాకా వేడి చేయడానికి సుమారు 430 కిలోజౌళ్లు కావాలి. అదే లీటరు పూర్తిగా ఆవిరవ్వాలంటే 2,200 పైన కావాలి. అంటే 200 మిల్లీలీటర్ల కంటే కాస్త తక్కువ నీరు, ఒక గ్లాసు, విజిల్స్ రూపంలో బయటికి పోతే లీటరు నీళ్లని మొదట్నించీ వేడి చేసినంత వేడి పారబోసినట్టే. ఆ ఆవిరే వ్యాన్ అద్దాల మీద చేరుతుంది. మంట కూడా నీరు పుట్టిస్తుంది, 100 గ్రాముల గ్యాస్ మండితే 150 గ్రాములకి పైగా నీటి ఆవిరి వస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. కందిపప్పు అరగంట ముందే నానబెట్టండి. పప్పు కింద, బియ్యం గిన్నె పైన పెట్టి ఒకే కుక్కర్‌లో రెండూ కానివ్వండి. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లోకి తగ్గించి, వెయిట్ సన్నగా బుసకొట్టేలా ఉంచి, అక్కణ్నుంచి ఫోన్‌లో నిమిషాలు చూసుకోండి. స్టవ్ ఆపాక కుక్కర్‌ని కిందికి దించి నూలు బొంతలో చుట్టేయండి. పీడనం మెల్లగా దిగుతుంటే లోపల ఇంకో పావుగంట ఊరికే ఉడుకుతుంది, దీనికి గ్యాస్ ఖర్చు లేదు. గడ్డి కూరిన పెట్టెలో వేడి గిన్నె దాచి వండే పాత పద్ధతి వెనక సూత్రం ఇదే. కాకపోతే పొద్దుటి అన్నాన్ని రాత్రి దాకా అలా ఉంచకూడదు, 60 డిగ్రీల కిందికి దిగితే మరుగులో చావని బ్యాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు) అన్నంలో మొలకెత్తుతాయి.

నీళ్ల మాటలో కొంత నిజం ఉంది. పప్పు కణాలను కలిపి ఉంచే పెక్టిన్ వేడికి కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువుంటే అది పెక్టిన్ గొలుసుల్ని ముడివేసి పట్టుకుంటుంది, పులుపు కూడా కరగడాన్ని ఆలస్యం చేస్తుంది. చింతపండు రసం పప్పు ఉడికాకే పోయాలని పెద్దవాళ్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. వాగు నీళ్లు ఉప్పురుచిగా అనిపిస్తే పప్పుకి మాత్రం తాగే నీళ్లు వాడండి.

ఒక్క విషయంలో మాత్రం గ్యాస్ పొదుపు, వెచ్చదనం రెండూ చూసుకోవద్దు: కిటికీ తెరిచే వండండి. ఆ ఎత్తులో గాలిలో ఆక్సిజన్ తక్కువ, మూసిన వ్యాన్‌లో మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడితే దానికి వాసన ఉండదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం వస్తే ఎత్తు పడలేదనుకుంటారు. ముందు స్టవ్ ఆపి అందరూ బయటికి రావాలి.

తాజా కూరలకి మాత్రం కుక్కర్ అక్కర్లేదు. వేసవిలో లాహౌల్ లోయలో పచ్చి బఠాణీలు పండుతాయి, లేహ్ బజారులో ఆడవాళ్లు పేవ్‌మెంట్ మీద కూర్చుని ఆకుకూరలు అమ్ముతారు. లేత గింజలకి, ఆకులకి 86 డిగ్రీలు బాగానే సరిపోతాయి. కుక్కర్ మూత తీయగానే వేడి వేడి పప్పులో తరిగిన పాలకూర వేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తే చాలు, స్టవ్ మళ్లీ వెలిగించే పని లేదు.