గాలి పంపులోకి నీళ్లు వచ్చిన రోజు

కర్నూలు

చిరంజీవులు బుజ్జికి, కన్నకు తాత ఆశీస్సులు.

నిన్న ఫోనులో మీరు అడిగిన ప్రశ్న రాత్రంతా నాకు గుర్తొస్తూనే ఉంది. కరెంటు పోయిన రాత్రి చేపల తొట్టి కింద పెట్టిన గాలి పంపులోకి నీళ్లు చేరాయన్నారు. "పక్కింటి వాళ్ల చేపల తొట్టి మోటారు పగలూ రాత్రీ నీళ్లలోనే ఉంటుంది కదా తాతా, మనది గ్లాసెడు నీళ్లకే ఎందుకు పాడైంది? ఎండబెట్టి వాడుకోవచ్చా?" అని అడిగారు.

ముందు ఒక మాట. ఆ పంపును ప్లగ్గులో పెట్టవద్దు. ఉత్తరం చివరిదాకా చదవకుండానే ఆత్రపడతారేమోనని మొదటే రాస్తున్నాను.

మీ పంపు లోపల రాగి తీగ చుట్ట, అయస్కాంతం, రబ్బరు తిత్తి ఉంటాయి. మన ఇళ్లలోకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దానితోపాటు అయస్కాంతం ఊగి, కొలిమి తిత్తిలా రబ్బరును నొక్కుతుంది. మీరు వినే ఆ రొద అదే. పెట్టె లోపల ఉండేది గాలి ఒక్కటే అనుకొని చేసిన వస్తువు కనుక తీగల అతుకులకు నీటినుంచి కాపుదల లేదు. కరెంటు పోయి గాలి ఆగగానే తొట్టి నీళ్లు గొట్టం వెంట వెనక్కు దిగివచ్చాయి.

ఎండలో పెడితే నీళ్లు పోతాయి, నీళ్లలో ఉన్నది పోదు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి గార కడుతుంది కదా, అలాంటి ఉప్పే ఆ అతుకుల మీదా మిగులుతుంది. తేమ తగిలినప్పుడల్లా కరెంటు అడ్డదారి పట్టడానికి అది చాలు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు మీదికి వచ్చినప్పుడు మన మిక్సీ మునిగింది. మీ అవ్వ దాన్ని మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టింది. పైకి గలగల్లాడేలా ఆరింది. నేనే స్విచ్చి వేశాను. గుర్రుమని ఆగిపోయి, కమురు వాసన కొట్టింది. విప్పి చూస్తే తీగ చుట్ట సందుల్లో ఒండ్రు ఇంకా మెత్తగా, వేలికి అంటుకునేలా ఉంది. నేను వస్తువు పారేయనివ్వనని మీకు తెలుసు. కానీ 230 వోల్టుల దగ్గర పొదుపు పనికిరాదు, నాన్నా. కొత్త పంపు కొనండి.

గొట్టం, గాలిని బుడగలుగా వదిలే గాలి రాయి కడిగి వాడుకోండి. తొట్టి నీటిని వడకట్టే స్పాంజి సంగతే అసలు సంగతి. దాన్ని ఎండబెట్టవద్దు, సబ్బు పెట్టవద్దు, కుళాయి కింద పెట్టవద్దు. అది మీ తొట్టికి తోడు గిన్నె. అవ్వ రాత్రి పాలలో చెంచాడు పెరుగు వేస్తుంది, కంటికి కనబడని జీవులు తెల్లారేసరికి పని ముగిస్తాయి. స్పాంజిలోనూ అలాంటివే కాపురం ఉంటాయి. చేపల మలినం నుంచి పుట్టే అమ్మోనియా చేపలకు విషం. ఒక జాతి దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో జాతి దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. మరిగే పాలలో తోడు వేస్తే చచ్చినట్టే కుళాయి నీటి క్లోరిన్ వీటిని చంపుతుంది. చలికాలంలో పెరుగు ఆలస్యంగా తోడుకున్నట్టే ఇవీ చలికి మందగిస్తాయి. తోడు అయిపోతే పక్కింటి నుంచి గిన్నెడు తెచ్చుకుంటాం కదా, అలాగే ఆరోగ్యంగా ఉన్న పక్కింటి తొట్టి స్పాంజి ముక్కతో కొత్త తొట్టిని మొదలుపెట్టవచ్చు. ఒక్కటే తేడా, పాలు రాత్రికి తోడుకుంటాయి, తొట్టికి నెల దాకా పడుతుంది.

నా చిన్నప్పుడు ఎండాకాలంలో మా దిగుడు బావి పూడిక తీసేవారు. చేపలను ఇత్తడి గంగాళంలోకి పట్టేది మేము. నేను కొత్త ఊట నీళ్లు పోయబోతే మా నాయన నా చెయ్యి పట్టుకొని ఆపాడు. పాత నీళ్లే ఉంచమన్నాడు. గోడ రాళ్ల మీది పాకుడునూ గీకనివ్వలేదు. ఎందుకని అడిగితే, "అది ఉంటేనే బావి బాగుంటుంది" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. నాకు ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

తొట్టి నీళ్లే బేసినులోకి తీసుకొని, స్పాంజిని అందులో రెండుసార్లు పిండి, తడి ఆరకముందే తిరిగి తొట్టిలో వేయండి. పంపు వచ్చేదాకా చెంబుతో నీళ్లు ముంచి కాస్త ఎత్తునుంచి పోస్తూ ఉండండి, చేపలకూ స్పాంజికీ గాలి అందుతుంది. మేత తగ్గించండి. కొత్త పంపును తొట్టి నీటి మట్టానికి పైన పెట్టమని నాన్నకు చెప్పండి. గొట్టానికి, సైకిలు ట్యూబుకు ఉన్నట్టు, ఒకవైపే పోనిచ్చే వాల్వు కూడా పెట్టించండి. పంపు తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వెళ్లాలి, అప్పుడు జారిన చుక్క ప్లగ్గు చేరకుండా కింద పడుతుంది. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ పీకించండి.

ఇక పక్కింటి మోటారు సంగతి. దాని తీగ చుట్టను గట్టి జిగురులో పోతపోసి మూసేస్తారు. నీళ్లలో తిరిగేది అయస్కాంతం మాత్రమే, దానికి ఏ తీగా తగిలి ఉండదు. గోడకు ఇవతల కరెంటు, అవతల అయస్కాంతం, మధ్యలో చుక్క కూడా దాటదు. అయినా తిరుగుతుంది! ఇది నేను మాటల్లో చెప్పలేను. గాజు గ్లాసులో నీళ్లు పోసి గుండుసూది వేయండి. బయటినుంచి అయస్కాంతాన్ని గాజుకు ఆనించి మెల్లగా పైకి జరపండి. సూది గోడను పట్టుకొని నీళ్లలో ఎలా ఎక్కుతుందో చూసి, సాయంత్రం నాకు ఫోను చేయండి.

మీ తాత