నేలలో కర్బనం పెరిగిందా, కొలత మారిందా?

2015 పారిస్ వాతావరణ సదస్సులో ఫ్రాన్స్ 'వెయ్యికి నాలుగు' కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. నేలలోని సేంద్రియ కర్బనాన్ని ఏటా 0.4 శాతం చొప్పున పెంచాలన్నది ఆశయం. పెంచడం ఒక ఎత్తు, పెరిగిందని చూపడం ఇంకో ఎత్తు.

ఓ మెట్ట చేను తీసుకోండి. లోతు 30 సెంటీమీటర్లు, సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1.3 గ్రాములు, కర్బనం 0.5 శాతం అనుకుందాం. హెక్టారుకు మట్టి 3,900 టన్నులు, అందులో కర్బనం 19.5 టన్నులు. ఏటా పెరగాల్సింది 78 కిలోలే. అయిదేళ్లు అలాగే పెరిగినా, భూసార పరీక్ష కాగితం మీద 0.50 కాస్తా 0.51 అవుతుంది.

ఇక ల్యాబ్ సంగతి. 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతి చవక, అందుకే ఇప్పటికీ వాడుకలో ఉంది. మట్టిలో పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. అప్పుడు పుట్టే వేడికి కర్బనంలో సుమారు 77 శాతమే ఆక్సీకరణం చెందుతుందని లెక్కగట్టి, ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. ఒక ల్యాబ్ గుణించి, మరొకటి గుణించకుండా వదిలేస్తే తేడా 30 శాతం. 'వెయ్యికి నాలుగు' లెక్కన అది 75 ఏళ్ల పెరుగుదల! మట్టిని కాల్చి కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం మెరుగే గానీ, నల్లరేగడిలోని సున్నంలో ఉండే కర్బనాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది. ముందుగా ఆమ్లంతో సున్నం తీసేయాలి, లేదా విడిగా కొలిచి మినహాయించాలి.

ఈ గందరగోళం తగ్గించడానికే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2017లో 'గ్లోసోలాన్' అనే నేల పరీక్షా ల్యాబుల కూటమి ఏర్పడింది. ఒకే మట్టిని దేశదేశాల ల్యాబులకు పంపి ఫలితాలు సరిపోల్చడం, అందరికీ ఒకే పరీక్షా విధానం రాసివ్వడం దాని పని. అదే ఏడాది వెలువడిన ప్రపంచ నేల కర్బన పటం పై 30 సెంటీమీటర్లలో సుమారు 68,000 కోట్ల టన్నులు ఉన్నట్టు చూపింది. పేరు పటానికే వచ్చింది. నా దృష్టిలో అసలు పని ల్యాబుల ఫలితాల మధ్య పొంతన కుదర్చడమే.

చేలో జరిగే పొరపాటు ఇంకా చిత్రం. దుక్కి మానేసిన నేల గట్టిపడి సాంద్రత 1.4కు చేరితే, నమూనా తీసే అదే 30 సెంటీమీటర్ల గొట్టంలోకి దాదాపు 8 శాతం ఎక్కువ మట్టి వస్తుంది. గ్రాము కర్బనం చేరకపోయినా హెక్టారుకు టన్నున్నర పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే లోతును కాకుండా సమానమైన మట్టి బరువును పట్టుకుని పోల్చాలి. రేగడి తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది కాబట్టి పోల్చే నమూనాలను రెండుసార్లూ ఒకే తేమలో తీయాలి. సాంద్రత కోసం తీసిన మట్టిని 105 డిగ్రీల వద్ద బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూచాలి. రాళ్ల బరువు మినహాయించాలి. తొలి నమూనాలో కొంత ఆరబెట్టి దాచి ఉంచితే, అయిదేళ్ల తర్వాత పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే ల్యాబులో, ఒకే రోజు పరీక్షించవచ్చు.