టెక్నికల్ రైటింగ్: ఐటీ విద్యార్థుల అపోహలు, అసలు సంగతులు

అపోహ: ఇంగ్లీషు బాగా వస్తే చాలు.

వాస్తవం: అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇదే. "లాగిన్ సరిగ్గా పనిచేయడం లేదు, దయచేసి వెంటనే పరిశీలించగలరు" అని బగ్ రిపోర్టు వచ్చిందనుకోండి. భాషకు వంక పెట్టలేం. కానీ డెవలపర్‌కు అది ఎందుకూ పనికిరాదు. ఏ బ్రౌజర్? ఎక్కడ ఆగింది? "పాస్‌వర్డ్ చివర స్పేస్ పడితే క్రోమ్‌లో తెల్ల పేజీ వస్తోంది, తప్పు పాస్‌వర్డ్ అన్న మెసేజ్ రావాలి" అని రాస్తే వ్యాకరణం కుంటుపడినా పని నడుస్తుంది. ఏం చేశాం, ఏం రావాలి, ఏం వచ్చింది: ఈ మూడూ ఉండాలి. తెలుగు మీడియం పిల్లలు దీన్ని త్వరగా పట్టుకోవడం చూస్తుంటాను. మర్యాద వాక్యాలు పేర్చే అలవాటు లేకపోవడం వాళ్లకు కలిసొస్తుందేమో.

అపోహ: అజైల్‌లో (సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతలుగా తయారుచేసే పద్ధతిలో) డాక్యుమెంటేషన్ అక్కర్లేదు.

వాస్తవం: 2001 నాటి అజైల్ మానిఫెస్టో పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇచ్చింది, నిజమే. డాక్యుమెంటేషన్‌కూ విలువ ఉందని చెప్పే చివరి వాక్యం దాకా ఎవరూ చదవరు, అంతే.

అపోహ: రిపోర్టు ఎంత లావుంటే అన్ని మార్కులు.

వాస్తవం: లావు చూసి మార్కులు వేసేవాళ్లున్నంత కాలం పిల్లలను అనలేం. ఫైనలియర్ రిపోర్టు తెరిస్తే జావా చరిత్ర, వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మ ఉంటాయి. ప్రాజెక్టును ఎలా నడపాలో ఉండదు. అందుకే నేను ముందు అది చెప్పే రీడ్‌మీ ఫైలు అడుగుతాను. ఒక బృందం రాసినదాన్ని ఇంకో బృందానికిచ్చి, ల్యాబ్ కంప్యూటర్‌లో ప్రాజెక్టు నడిపించమంటాను. రాసినవాళ్లు పక్కనే నిలబడాలి, నోరు విప్పకూడదు. కాసేపటికి ఆపుకోలేక ఎవరో ఒకరు "ముందు డేటాబేస్ క్రియేట్ చేయాలిరా!" అని అరుస్తారు. రీడ్‌మీలో లేనిది సరిగ్గా ఆ వాక్యమే.

అపోహ: "సిస్టమ్ వేగంగా పనిచేయాలి" అన్నా రిక్వైర్‌మెంటే (సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో చెప్పే షరతే).

వాస్తవం: దాన్ని టెస్ట్ చేసేదెలా? "100 మంది ఒకేసారి వెతికినా ఫలితం 2 సెకన్లలో రావాలి" అంటే చేయవచ్చు. తప్పనిసరి ఏది, వీలైతే చేసేది ఏది అన్న గీత కూడా స్పష్టంగా ఉండాలి. ఇంటర్నెట్ ప్రమాణాల్లో వాడే 'మస్ట్', 'షుడ్', 'మే' అర్థాలు ఖాయం చేయడానికి 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రమే వెలువడింది.

అపోహ: ఇక అంతా ఏఐ రాసేస్తుంది.

వాస్తవం: కోడ్ ఏం చేస్తోందో అది చక్కగానే చెబుతుంది. ఆ లైబ్రరీనే ఎందుకు తీసుకున్నారో, అంతకుముందు పద్ధతి ఎందుకు బెడిసికొట్టిందో మీరు కమిట్ మెసేజీలో (కోడ్ మార్పును భద్రపరిచేటప్పుడు రాసే చిన్న వివరణలో) రాయకపోతే దానికెలా తెలుస్తుంది? "ఫిక్స్‌డ్", "ఫైనల్", "ఫైనల్ 2" చూసి అది మాత్రం ఏం చెబుతుంది?