నూతిలో తాబేలు, పడవలో నిద్ర

బుజ్జీకీ చిన్నోడికీ తాతయ్య రాస్తున్నది,

మీ అమ్మ ఫోన్లోంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ నాలుగుసార్లు విన్నాను బుజ్జీ. మొదటిసారి సరిగా అర్థం కాలేదు, వెనకాల టీవీ మోగుతోంది, చిన్నోడు దేనికో ఏడుస్తున్నాడు. రెండోసారికి అర్థమైంది. మూడోసారీ నాలుగోసారీ ఊరికే నీ గొంతు కోసం విన్నా. "తాతా, తుఫాన్లో యేసయ్య పడవలో ఎలా పడుకున్నాడు? మొంథా తుఫాను వస్తోందని స్కూలు మూసేసినప్పుడు నాకు రెండు రాత్రులు నిద్రే లేదు, ఆయనకి భయం వెయ్యదా?" అని కదా అడిగావు. అక్కడే జవాబు చెబ్దామని బటన్ నొక్కి పట్టుకున్నాను గానీ నాకు ఆ బటన్‌తో పడదు, సగంలో వేలు జారిపోద్ది. అందుకే కాగితం మీద రాసి మీ మావయ్యకి ఇస్తున్నా, వాడు టైపు చేసి పంపుతాడు, తప్పులుంటే వాడివి.

ముందు ఆ పడవ సంగతి. యేసయ్య పడవ వెళ్ళింది గలిలయ సముద్రం మీద, పేరుకి సముద్రం గానీ అది సముద్రం కాదమ్మా, మంచినీళ్ళ సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎంత ఎక్కువన్నా 13. నువ్వు బరంపురం నుంచి భువనేశ్వర్ రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి కనిపిస్తుందే చిలికా, అందులో ఒక మూలకి వస్తుంది. కానీ సముద్ర మట్టానికి 200 మీటర్లకి పైనే కిందకి ఉంది, చుట్టూ కొండలు, ఆ కొండల సందుల్లోంచి గాలి ఒక్కసారిగా దిగిపోద్ది. మనకైతే వాతావరణ శాఖ వాళ్ళు నాలుగురోజుల ముందే చెప్తున్నారు, పేరు కూడా పెడుతున్నారు, వాళ్ళకి నాలుగు నిమిషాలు కూడా ఉండేది కాదేమో. ఇంకోటి, 1986లో వానల్లేక ఆ సరస్సు నీళ్ళు బాగా తగ్గిపోతే బురదలోంచి ఒక పాత పడవ బయటపడింది, యేసుప్రభువు కాలం నాటిదే. 27 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. నేను టేపు పెట్టి చూశా, మన వరండా కంటే కొంచెం పొడుగు, వెడల్పు అంతే. అలాంటి దాంట్లో యేసుప్రభువూ ఆయన శిష్యులూ కలిసి పదముగ్గురు. నీళ్ళు లోపలికొచ్చేస్తుంటే ఈయన అమరం దగ్గర, అంటే పడవ వెనకభాగంలో, తలగడ మీద నిద్ర. పొద్దుట్నించీ అదే పడవలో కూర్చుని ఒడ్డు మీద జనానికి కథలు చెప్పి చెప్పి అలిసిపోయాడు పాపం. అది ఒక కారణం, సగం కారణం అనుకో.

మిగతా సగం చెప్పాలంటే నూతి దగ్గరికి వెళ్ళాలి.

మన పెరట్లో నుయ్యి గుర్తుందా? నువ్వు తొంగిచూస్తే మామ్మ కేకలేస్తుందే, అదే. మాంచి గాలి వచ్చిన రోజు ఊరి చెరువు దగ్గర నిలబడి చూడు, చెరువంతా గజగజలాడిపోతుంటది, ఒడ్డున తామరాకులు తిరగబడిపోతాయి. అదే గాలి, అదే నిమిషం, నూతిలోకి చూడు. నీళ్ళు కదలవు. పైన గిలక ఊగుతుంటది, చేంతాడు గోడకి కొట్టుకుంటుంటది, కింద మాత్రం నీ మొహం నీకు కనిపిస్తుంటది. ఎందుకంటే అల పుట్టాలంటే గాలికి నీళ్ళ మీద పరిగెత్తడానికి చోటుండాలి, నూతిలో ఆ చోటు లేదు. పైగా నూతి నీళ్ళు పైనుంచి వచ్చినవి కావు, అడుగున ఊట ఉంది. యేసుప్రభువు లోపల తండ్రి మీద నమ్మకం అలాంటి ఊట అనుకో. గాలి ఆయన మీద కూడా వీచింది, పడవ ఆయన్ని కూడా ఊపింది, అడుక్కి మాత్రం చేరలేదు.

నూతి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పేస్తా, చెప్పకపోతే మర్చిపోతాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అప్పటికి పర్లాకిమిడిలో మన వీధికి కుళాయిలు లేవు, వీధంతటికీ ఈ నుయ్యే. పొద్దున్న ఆడాళ్ళు వరస కట్టేవారు, తెలుగోళ్ళూ ఒడియా వాళ్ళూ, కొండ మీంచి సంతకి దిగిన సవరోళ్ళూ ఇక్కడే దాహం తీర్చుకునేవారు. నేను వేషాలేసి చేద వదిలేశాను. ఇత్తడి చేద, మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దబ్బుమని పడింది. ఇనప కొక్కేల గుత్తి ఉంటది, పాతాళగరిగె అంటాం, దాన్ని తాడుకి కట్టి దింపి వెతకాలి, కానీ చేద ఎక్కడ పడిందో చీకట్లో కనిపిస్తేనా. మా నాన్న తిట్టలేదు, గోడకున్న గెడ్డం గీసుకునే అద్దం పట్టుకొచ్చాడు. ఎండలో నిలబడి అద్దాన్ని అలా ఇలా తిప్పి ఎండని నూతిలోకి పంపించాడు. ఓలమ్మీ, ఆ ఎండ ముక్క గోడల మీంచి జారుకుంటూ నీళ్ళలోకి దిగి అడుగుదాకా వెళ్ళిపోయింది. అడుగున ఇసక, నా చేద, దాని పక్కన తాబేలు. అంతవరకూ మన నూతిలో తాబేలు ఉందని నాకు తెలీదు. నీళ్ళు శుభ్రంగా ఉంటాయని మా తాత ఎప్పుడో వేశాడంట. రోజూ తాగే నీళ్ళ కింద ఇంత ఉందా అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, చేద నాన్నే తీసేశాడు.

సరే. ఇప్పుడు నువ్వు తెలివైనదానివి కాబట్టి అడుగుతావు, మరి తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన నుయ్యి పాడైపోయింది కదా తాతా అని. అవును. 2018 అక్టోబర్ 11, నువ్వప్పుడు చంటిపిల్లవి, చిన్నోడు పుట్టలేదు. తిత్లీ అంటే సీతాకోకచిలుక, ఎవరు పెట్టారో గానీ ఏం పేరు అది! తెల్లారగట్ట పలాస దగ్గర తీరం దాటి మన మీదకొచ్చింది. ఎదురింటి రేకు ఎగిరొచ్చి నూతి గట్టుని కొట్టింది, కొబ్బరిమట్టలు, మునగచెట్టు కొమ్మ, ఎవరిదో చెప్పు, అన్నీ నూతిలో. వాన నీళ్ళు నిండి పైదాకా వచ్చేశాయి, ఎర్రటి బురద. కదలని నీళ్ళు అని ఇప్పుడే గొప్పగా చెప్పాను కదా, ఆ రోజు అవీ కదిలాయి.

కానీ తర్వాత ఏమైందో విను. కరెంటు లేదు పదిరోజుల పైన, మోటర్లన్నీ మొద్దుల్లా పడున్నాయి, అంతవరకూ నూతి మొహం చూడనివాళ్ళంతా చేదలు వెతుక్కుంటూ మన పెరట్లోకొచ్చారు. నలుగురు కుర్రాళ్ళు దిగి రెండ్రోజులు బురద నీళ్ళు తోడి పారబోశారు. మూడోరోజు పొద్దున్న చూస్తే అడుగున రాళ్ళ సందులోంచి సన్నగా ఊట, కంటి నీరంత సన్నగా, తేటగా. సాయంత్రానికి మోకాలి లోతు. బ్లీచింగ్ పౌడర్ వేసి రెండ్రోజులాగి వాడుకున్నాం. ఊటకి తుఫాను వచ్చిందని తెలిసినట్టే లేదు. మన భయం కూడా అలాగే తోడి పారబోయాలి, కూర్చుని ఏడ్చి అయినా సరే, దేవుడికి గట్టిగా చెప్పుకుని అయినా సరే. శిష్యులు చేసింది అదే కదా, "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అని దులిపేశారు. ఆయనేమీ కోప్పడి మళ్ళీ పడుకోలేదు, లేచాడు, గాలిని గద్దించి ఆపాడు. ఇక నూతిని వదిలేస్తా, మీ మావయ్య చదివి "నాన్నా ఇంకెంత తోడతావు" అంటున్నాడు.

ఆయనకి భయం వెయ్యదా అన్నావు. వేసింది బుజ్జీ. పడవలో కాదు, ఇంకో రాత్రి, గెత్సెమనే తోటలో. రేపు సిలువ అని తెలిసిన రాత్రి. మార్కు తన సువార్తలో దాచకుండా రాశాడు, మిగుల విభ్రాంతి చెందాడని, నా ప్రాణం దుఃఖంలో మునిగి ఉంది, ఇక్కడే ఉండి మెలకువగా ఉండండి అని స్నేహితుల్ని అడిగాడని. వాళ్ళేమో నిద్రపోయారు! పడవలో ఈయన నిద్ర, వాళ్ళకి భయం. తోటలో ఈయనకి భయం, వాళ్ళు నిద్ర. అందుకని రాత్రి నీకు నిద్ర పట్టలేదంటే నమ్మకం లేని పిల్లవని ఎవరైనా అంటే పట్టించుకోకు. సండేస్కూల్లో అన్నా సరే.

ఇంకో మాట, ఇది చిన్నోడికి చదవకు, నువ్వే చదువుకో. తిత్లీకి మన జిల్లాలోనే ఒక కొండ ఊళ్ళో, వానకి తలదాచుకున్న జనం మీద కొండచరియ విరిగి పడింది. పిల్లలూ ఉన్నారు. వాళ్ళు ప్రార్థన చెయ్యలేదా? చేసే ఉంటారు, నాకంటే ఎక్కువే చేసి ఉంటారు. మరి ఎందుకిలా అంటే నా దగ్గర సమాధానం లేదు.

ఇక్కడ మన తెలుగు బైబిల్లో ఒక చిత్రం చూడు. బళ్ళో ప్రశ్న కింద రాసేదాన్ని సమాధానం అంటాం. బైబిల్లో మనసు నెమ్మదిని కూడా సమాధానమే అంటారు, "సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము" అని పౌలు రాశాడు, అదీ జైల్లో గొలుసులతో ఉండి రాశాడు. జ్ఞానానికి మించినదంటే లెక్క తేలినది కాదన్నమాట. మొదటి రకం సమాధానం దొరక్కపోయినా రెండోది దొరుకుతుంది. ఇది నాకు పుస్తకంలో కంటే మీ ముత్తమ్మ చచ్చిపోయినప్పుడు తెలిసింది, ఎలాగో ఇంకోసారి చెప్తా, ఇప్పుడు చెప్తే ఉత్తరం తడుస్తుంది.

మనుషుల వల్ల భయం వేరు. 2008 ఆగస్టులో కంధమాల్ జిల్లాలో ఒక స్వామీజీనీ ఆయనతో ఉన్నవాళ్ళనీ చంపేశారు, ఆ తర్వాత గొడవలు, క్రైస్తవుల ఇళ్ళూ చర్చిలూ కాల్చేశారు, వేలమంది అడవుల్లోకి పారిపోయారు, తర్వాత క్యాంపుల్లో ఉన్నారు. ఆ జిల్లా మనకి ఆనుకునే ఉంటది. మన ఊళ్ళో ఏమీ జరగలేదు గానీ రోజుకో పుకారు. రాత్రి తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసుకునేవాణ్ణి. నేను రైల్వేలో కీమ్యాన్‌గా ఒంటరిగా పట్టాల వెంట నడిచినవాణ్ణి, పాముల్ని దాటుకుపోయినవాణ్ణి, ఆ మొదటి రాత్రులు మాత్రం కాళ్ళు వణికాయి. నాలుగో రాత్రో ఐదో రాత్రో అరుగు మీద చప్పుడైంది. గుండె జారిపోయింది. కిటికీ సందులోంచి చూస్తే ఎదురింటి ఒడియా మాస్టారు, చాప పరుచుకుంటున్నారు. పొద్దున్నే పూజ చేసి గంట మోగించి గానీ కాఫీ ముట్టని మనిషి. "ఇంట్లో ఉక్కగా ఉందండీ, మీ అరుగు మీద గాలి బాగుంది" అన్నారు. వారం రోజులు ఆయనకి ఇంట్లో ఉక్కే. ఆ వారం నేను నిద్రపోయాను. ఆ నిద్ర నాకు ప్రభువు ఇచ్చిందే అని ఇప్పటికీ అంటాను, చాప మాత్రం మాస్టారిది.

అన్నట్టు ఆ కథలో ఒక వాక్యం అందరూ దాటేస్తారు. ఆయన వెంట మరికొన్ని దోనెలు కూడా వచ్చాయని ఉంది. గాలి ఆగినప్పుడు వాళ్ళకీ ఆగింది కదా, ఆయన్ని లేపినవాళ్ళకే కాదు. ఇంకా చిత్రం, అంతా నిమ్మళించాక శిష్యులు "మిక్కిలి భయపడి" ఈయన ఎవరో అనుకున్నారంట. తుఫానుకంటే ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయపడ్డారన్నమాట. నేనిది డెబ్భై ఏళ్ళుగా వింటున్నా, ఇప్పటికీ ఆ చోట కాసేపు ఆగిపోతాను. నాకు వివరించడం రాదు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. పడుకునే ముందు ఫోన్లో తుఫాను వీడియోలు చూడకు, ఎక్కడో ఏ దేశంలోనో విరిగిన చెట్టు నీ మంచం మీద పడినట్టు చూపిస్తారు. వార్త ఒకసారి విను, అమ్మతో కలిసి టార్చిలైటూ మంచినీళ్ళూ కాగితాల సంచీ సిద్ధం చెయ్యి, అదీ భక్తే. తర్వాత లైటు ఆర్పి, "శాంతి మీ కనుగ్రహించి వెళ్లుచున్నాను" అన్న మాట ఒకసారి చెప్పుకో, లోకం ఇచ్చినట్టుగా ఇవ్వనన్నాడు కూడా, పట్టుబడి ఊపిరాగిపోయే ముందురాత్రి అన్నమాట అది. నిద్ర రాకపోతే రాలేదు. చిన్నోడు భయపడితే నీ చాప వాడి పక్కన వేసుకో.

క్రిస్మస్ సెలవలకి గుణుపురం బండెక్కి వస్తారు కదా, వచ్చేటప్పుడు ఒక చిన్న అద్దం తెచ్చుకో, మన ఇంట్లోది పగిలిపోయింది. పన్నెండు గంటలప్పుడు ఎండ గట్టు మీద పడుతుంది, మామ్మ వంటింట్లో ఉన్నప్పుడు చూద్దాం. చిన్నోడి చొక్కా నేను పట్టుకుంటా. తిత్లీ తర్వాత కుర్రాళ్ళు నుయ్యి తోడినప్పుడు తాబేలు బతికే ఉంది, ఒక రోజంతా బకెట్లో పెట్టి మళ్ళీ వదిలేశారు. ఇప్పుడు నాకు కళ్ళు ఆనడం లేదు. ఉందో లేదో నువ్వే చూసి చెప్పాలి.

మీ
తాతయ్య
పర్లాకిమిడి