సార్థక అంకెలు: ఫిజిక్స్ ల్యాబ్‌లో తరచూ కనిపించే అపోహలు

ఇంటర్ ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతుంటే ప్రయోగం చక్కగా చేసిన పిల్లలు కూడా చివరి అంకె దగ్గర తడబడుతుంటారు. కొలతలో కచ్చితంగా తెలిసిన అంకెలు, కాస్త అనుమానం ఉన్న చివరి అంకె కలిపితే అవే సార్థక అంకెలు.

అపోహ: పాయింట్ తర్వాత ఎన్ని ఎక్కువ అంకెలుంటే జవాబు అంత కచ్చితం.

వాస్తవం: స్క్రూగేజితో (సన్నని తీగల మందం కొలిచే పరికరం) కొలిస్తే తీగ వ్యాసం 0.52 మి.మీ. వచ్చిందనుకోండి. అడ్డుకోత వైశాల్యానికి కాలిక్యులేటర్ 0.212371663 చూపిస్తుంది, పిల్లలు అదంతా రికార్డులోకి ఎక్కిస్తారు. కానీ గేజి కనీసపు కొలత, అంటే అది చూపగల అతి చిన్న కొలత, 0.01 మి.మీ. వ్యాసం 0.51 అయితే వైశాల్యం 0.20, 0.53 అయితే 0.22. అంటే రెండో అంకె దగ్గరే అనుమానం మొదలైంది. ఇక తొమ్మిదో అంకెను ఎలా నమ్ముతాం? 0.21 చ.మి.మీ. అని రాస్తే చాలు. అయితే మధ్య మెట్లలో ఇలా అంకెలు కుదించి సవరించకండి, ఒకటి రెండు అంకెలు అదనంగా ఉంచుకుని చివర్లోనే సవరించండి.

అపోహ: సున్నాలను లెక్కించక్కర్లేదు.

వాస్తవం: ఏ సున్నా అన్నది చూడాలి. 2.35 మి.మీ.ని మీటర్లలో 0.00235 అని రాసినా సార్థక అంకెలు మూడే, ముందున్న సున్నాలు స్థానం చూపించడానికే. 2.05లో మధ్య సున్నా లెక్కలోకి వస్తుంది. గేజిలో 0.50 చూసి 0.5 అని రాసేవాళ్లతో మాత్రం నేను గట్టిగా వాదిస్తాను. ఆ సున్నాను మీరు కళ్లతో చూసి కొలిచారు, దాన్ని ఎందుకు వదిలేస్తారు?

పాయింట్ లేని సంఖ్య చివరి సున్నాలతోనే అసలు చిక్కు. 1856లో ఎవరెస్ట్ ఎత్తును 29,002 అడుగులుగా ప్రకటించారు. లెక్కలో సరిగ్గా 29,000 వచ్చిందని, అలాగే చెబితే ఉజ్జాయింపు అనుకుంటారని రెండు అడుగులు కలిపారని ఒక కథ ప్రచారంలో ఉంది. 2.9000×10⁴ అని రాస్తే ఆ అనుమానానికి తావే ఉండదు.

అపోహ: కొలతలో ఉన్నన్ని సార్థక అంకెలే జవాబులో ఉండాలన్న నియమం లెక్కలో ఉన్న ప్రతి సంఖ్యకూ వర్తిస్తుంది.

వాస్తవం: లోలకం 20 డోలనాలకు 36.4 సెకన్లు పడితే ఆవర్తన కాలం 1.82 సెకన్లు. 20 అనేది లెక్కపెట్టిన సంఖ్య, కొలిచింది కాదు. అది జవాబులో అంకెలను తగ్గించదు.

కూడికలో చూడాల్సింది దశాంశ స్థానాలు: 12.5 గ్రా., 0.347 గ్రా. కలిపితే 12.8 గ్రా.

అపోహ: సార్థక అంకెలు సరిగ్గా రాస్తే కొలత సరైనట్టే.

వాస్తవం: జీరో ఎర్రర్ (ఏమీ పెట్టకుండానే గేజి చూపించే కొలత) +0.03 మి.మీ. ఉన్న గేజి 0.64 చూపిస్తే అసలు వ్యాసం 0.61. రాసిన రెండు అంకెలూ సార్థకమే, కొలతే తప్పు. తీగ పెట్టకముందే జీరో ఎర్రర్ చూసి రాసుకోండి.